స్టాప్‌వాచ్‌కి స్టీరింగ్ తెలియదు

ఏ కారు ట్రాక్ చుట్టూ ఎన్ని నిమిషాల్లో తిరిగిందో చూసి, దాని హ్యాండ్లింగ్ (తోలేవాడి చేతికి కారు లొంగే తీరు) అంత గొప్పదని తేల్చేసేవాళ్లతో నాకు ఎప్పుడూ పేచీనే. మా అన్న కొడుకు ఆ బ్యాచ్‌లో అందరికన్నా ముందుంటాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు, పుస్తకాలకంటే కార్ల వీడియోలే ఎక్కువ చూస్తాడు. ఫోన్‌లో ఒక పట్టిక రాసి పెట్టుకున్నాడు: తక్కువ టైము పైన, ఎక్కువ టైము కింద. "ఇంక వాదనేముంది చిన్నాయనా, పైన ఉండేదే హ్యాండ్లింగ్‌లో ఫస్టు" అంటాడు. వాదన ఉంది, బాగానే ఉంది. షాపులో మొదలుపెడితే ఎవరో ఒకరు పంచరని వచ్చి సగంలో ఆగిపోతోంది కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా.

నాది అనంతపురంలో టైర్ల షాపు. వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్, పంచర్లు. రోజూ నా చేతి కిందికి వచ్చేవి ఆల్టోలు, బొలేరోలు, పెనుకొండలో కియా వచ్చినప్పటి నుంచి సెల్టోస్‌లు. సూపర్ కార్లంటే ఆదివారం పొద్దున్నే బెంగళూరు వైపు నుంచి 44వ నంబరు హైవే మీద గుంపుగా వచ్చి, ఇడ్లీ తిని, ఫొటోలు దిగి వెనక్కి పోయేవే. వాటికి నా షాపుతో పని లేదు. కానీ మా ఊరి పిల్లలు కొందరు బెంగళూరులో మంచి ఉద్యోగాల్లో స్థిరపడి, మోజు కొద్దీ ట్రాక్ డేలకు, అంటే సొంత కార్లను రేసు ట్రాక్ మీద తిప్పుకునే రోజులకు, పోతుంటారు. గాలి చూడడానికి, టైర్లు మార్చడానికి నన్ను వెంట తీసుకుపోతారు. అట్లా చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాకూ, కోయంబత్తూరులో కారి అనే ట్రాకూ పిట్ (మధ్యలో కార్లు ఆపి సరిచూసుకునే చోటు) వైపు నుంచి చూశాను, పక్క సీట్లో కూర్చుని తిరిగాను. నేను ఏం చెప్పినా టైరు వైపు నుంచే చెప్తాను. కారులో నేలను తాకేది అదొక్కటే కదా.

మొదట మావాడి పట్టికలోని నంబర్ల సంగతి. జర్మనీలో నుర్బుర్గ్‌రింగ్‌లో నార్డ్‌ష్లైఫె అనే పాత ట్రాక్ ఉంది. అడవిలో, ఎత్తుపల్లాల మీద ఇరవై కిలోమీటర్లకు పైగా మెలికలు తిరుగుతుంది. స్పోర్ట్స్ కార్ల కంపెనీలు చాలావరకు అక్కడికే పోయి టైము కొట్టి, ప్రకటనల్లో వేసుకుంటాయి. అయితే ఏళ్ల తరబడి ఎక్కువమంది కొలిచింది 20.6 కిలోమీటర్లే. ప్రేక్షకుల స్టాండ్ల ముందుండే చిన్న ముక్కను లెక్కలోంచి వదిలేసేవాళ్లు. 2019 నుంచి మొత్తం 20.832 కిలోమీటర్లకు అధికారిక లెక్క మొదలైంది. పోర్షె 718 కేమన్ జీటీ4 ఆర్ఎస్‌కు ఈ రెండు లెక్కల్లోనూ టైములున్నాయి: చిన్న దూరానికి 7 నిమిషాల 4.511 సెకన్లు, పూర్తి దూరానికి 7 నిమిషాల 9.300. దాదాపు ఐదు సెకన్ల తేడా. మావాడి పట్టికలో ఈ రెండు రకాల టైములూ కలగాపులగంగా ఉన్నాయి. ఐదు సెకన్లంటే ఆ పట్టికలో నాలుగైదు కార్లు అటూ ఇటూ అయిపోతాయి. ఫెరారీ అయితే ఈ గోలలోకే రాదు. తన సొంత ఫియొరానో ట్రాక్ మీది టైములే చెప్పుకుంటుంది. అది మూడు కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఆ టైమును దీనితో పోల్చే దారే లేదు.

ఇది చిల్లర లెక్క, సరిచేసుకోవచ్చు. అసలు లెక్క వేరే ఉంది.

2017లో పోర్షె 911 జీటీ3 ఆ చిన్న దూరాన్ని 7 నిమిషాల 12.7 సెకన్లలో తిరిగింది. 2021లో దాని తర్వాతి జీటీ3 పూర్తి దూరాన్నే 6 నిమిషాల 59.927 సెకన్లలో ముగించింది. ఒకే దూరానికి లెక్క కడితే 17 సెకన్లకు పైగా తగ్గింది. మరి ఇంజన్ పవర్ ఎంత పెరిగింది? 500 హార్స్‌పవర్ నుంచి 510కి. అంటే పది. బరువులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఆ 17 సెకన్లు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయి? ముందు సస్పెన్షన్‌ను డబుల్ విష్‌బోన్‌కు (ఒక్కో చక్రాన్ని పైనా కిందా రెండు కడ్డీలతో పట్టే ఏర్పాటు) మార్చారు, రోడ్డు మీద తిరిగే 911కు అది మొదటిసారి. వెనక రెక్కను, కారు అడుగు భాగాన్ని గాలి కిందికి నొక్కేలా తీర్చారు. మూడోది, మిషెలిన్ పైలట్ స్పోర్ట్ కప్ 2 ఆర్ టైర్లు వేశారు. పాత జీటీ3కి కప్ 2 ఉండేది. పేరు చివర ఒక్క అక్షరమే ఎక్కువ, కానీ రబ్బరు మాత్రం రేసు టైరుకు బాగా దగ్గరగా పోయింది. కార్ల అభిమానులు మొదటి రెండింటి గురించి గంటలు మాట్లాడతారు. మూడోదాన్ని దాటేస్తారు. నా పొట్ట నింపేదే మూడోది కాబట్టి నేను దాటలేను.

2008లో నిస్సాన్‌కూ పోర్షెకూ మధ్య జరిగిన గొడవ గుర్తుండే ఉంటుంది. జీటీ-ఆర్ 7 నిమిషాల 29 సెకన్లలో తిరిగిందని నిస్సాన్ ప్రకటించింది. పోర్షె వాళ్లకు ఇది మింగుడుపడలేదు. తామే ఒక జీటీ-ఆర్ కొని, తమ డ్రైవరుతో తోలించి, 7 నిమిషాల 54 సెకన్లే వచ్చిందన్నారు. పాతిక సెకన్ల తేడా! మామూలు టైర్లతో అంత టైము రాదని ఒకరు, మీ డ్రైవరుకు మా కారు తోలడం రాలేదని ఇంకొకరు. ఎవరు నిజం చెప్పారన్నది నాకు ముఖ్యం కాదు. ఇద్దరూ ఒప్పుకున్న విషయం ఒకటుంది చూశారా: అదే కారు, అదే ట్రాక్ అయినా టైరూ డ్రైవరూ మారితే ఇరవై ఐదు సెకన్లు మారొచ్చు. అలాంటప్పుడు ఆ టైము కారు గుణమెట్లా అవుతుంది?

ఇంకో ఉదాహరణ. 2007లో అదే జీటీ-ఆర్ మొదటిసారి 7 నిమిషాల 38 సెకన్లు కొడితే ప్రపంచమంతా నోరెళ్లబెట్టింది. నాలుగు చక్రాలకూ పవర్, రెండు టర్బోలు, 480 హార్స్‌పవర్. 2023లో హోండా సివిక్ టైప్ ఆర్, ముందు చక్రాలకే పవర్ పోయే, వెనక పిల్లల్ని కూర్చోబెట్టుకుని బడికి పోగలిగే కారు, పూర్తి దూరాన్ని 7 నిమిషాల 44.881 సెకన్లలో తిరిగింది. దూరాల తేడా తీసేస్తే రెండూ ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి. హోండా ఇంజనీర్ల పనితనాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ రోజు ఆ సివిక్ కాళ్లకున్నది కూడా కప్ 2 రకం టైర్లే.

ఆ టైరు ఏం చేస్తుందో దగ్గర నుంచి చెప్తాను. మామూలు టైరు మీద గోరుతో గిల్లితే గోరు దిగదు. ట్రాక్ టైరు వేడిగా ఉన్నప్పుడు గిల్లితే చిన్న గాటు పడుతుంది, గోటికి నల్లటి జిగురు అంటుతుంది. ఇరుంగట్టుకోట్టైలో కారు పిట్‌లోకి రాగానే నేను చేసే మొదటి పని ముందు ఎడమ టైరు దగ్గర కూర్చోవడం. ఆ ట్రాక్ గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది కాబట్టి కుడి మలుపులు ఎక్కువ, బరువంతా ఎడమ పక్క పడుతుంది. టైరు అంచున రబ్బరు చిన్న చిన్న ఉండలుగా చుట్టుకుని ఉంటుంది, ట్రాక్ మీది ఇసుక దానికి అతుక్కుని ఉంటుంది. సూది లాంటి ముల్లున్న థర్మామీటరు ఒకటుంది. దాన్ని టైరు లోపలి అంచున, మధ్యన, బయటి అంచున గుచ్చి వేడి చూస్తాను. బయటి అంచు మిగతా రెండిటికన్నా బాగా వేడిగా ఉందంటే క్యాంబర్ (చక్రం పైభాగాన్ని లోపలికి వంచే వాలు) చాలలేదని అర్థం: మలుపులో కారు ఒరిగితే టైరు బయటి అంచు మీద నడుస్తోంది. మధ్య భాగం వేడిగా ఉంటే గాలి ఎక్కువైంది. రెండు అంచులూ వేడిగా ఉండి మధ్య చల్లగా ఉంటే గాలి తక్కువ. మా షాపుకు వచ్చే ఆల్టో టైరు అరుగుదల చూసి నేను చెప్పేదీ ఇదే. ఆల్టోకు ఏడాది పట్టే అరుగుదల అక్కడ ఒక పూటలో వస్తుంది, అంతే.

గాలి సంగతి ఇంకా తమాషా. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 28 పెట్టి పంపిన టైరు నాలుగు రౌండ్లు తిరిగి వచ్చేసరికి 35 దాటి చూపిస్తుంది. టైరు లోపలి గాలి యాభై డిగ్రీలు వేడెక్కితే అంత పెరుగుతుంది, అది లెక్క ప్రకారమే. అందుకే ట్రాక్ మీద చల్లటి గాలిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, వేడి మీద ఎంత ఉందన్నదే చూస్తారు. వేడెక్కినకొద్దీ కాస్త కాస్త వదులుతూ పోవాలి. సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ నింపాలి. నైట్రోజన్ పెడితే గాలి అసలు పెరగదని మా ఊళ్లో కూడా ఒక నమ్మకం ఉంది. పెరుగుతుంది. తేమ లేని గాలి కాబట్టి పెరుగుదల ఒక లెక్కలో ఉంటుంది, అంతవరకే దాని గొప్ప. గాలిలో నాలుగైదు పాయింట్ల తేడా చాలు, నిన్న బ్రహ్మాండంగా తిరిగిన కారు ఇవాళ ముక్కు తిప్పనని మొరాయిస్తుంది. పోలిక వీడియోల్లో రెండు కార్లను పక్కపక్కన పెట్టి తోలేవాళ్లలో ఎందరు ఈ నంబరు చెప్తారు? దాదాపు ఎవరూ చెప్పరు.

ఇంక హ్యాండ్లింగ్ అంటే నేనేమనుకుంటానో చెప్తాను. కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాటు ఉంది. పాలకోవా కోసం ఆగేవాళ్లకు అందరికీ తెలుసు. ఆ ఘాటు దిగేటప్పుడు బస్సులో నిలబడి చూడండి. డ్రైవరు బ్రేకు తొక్కగానే ఒళ్లు ముందుకు పోతుంది, స్టీరింగ్ తిప్పగానే పక్కకు పోతుంది, మలుపు దాటి యాక్సిలరేటర్ ఇవ్వగానే వెనక్కి పోతుంది. మీ ఒంటికి జరిగేదే బస్సు బరువుకూ జరుగుతుంది. బ్రేకు తొక్కితే ముందు చక్రాల మీద బరువు పడి అవి గట్టిగా పడతాయి, వెనకవి తేలికవుతాయి. యాక్సిలరేటర్ తొక్కితే బరువు వెనక చక్రాల మీదికి పోతుంది. టైరుకుండే పట్టు ఇంతే అని ఒక హద్దు ఉంటుంది. బ్రేకుకు అంతా వాడేస్తే తిరగడానికి మిగలదు, తిరగడానికి అంతా వాడేస్తే బ్రేకుకు మిగలదు. మంచి డ్రైవరు చేసేదల్లా ఈ బరువును ముందుకూ వెనక్కూ మెల్లగా జరుపుతూ, ఏ క్షణంలో ఏ టైరు మీద ఎంత ఉండాలో అంత ఉంచడమే. మలుపులోకి పోతూ పోతూ బ్రేకు మీద నుంచి కాలు కొద్దికొద్దిగా తీయడాన్ని ట్రెయిల్ బ్రేకింగ్ అంటారు. ముక్కు మీద బరువు నిలబెట్టి కారును లోపలికి తిప్పే కిటుకు అది.

ఈ బరువు జరగడం డ్రైవరు చేతికి, నడుముకు, కాలికి ఎంత స్పష్టంగా తెలుస్తుందో అది హ్యాండ్లింగ్. హద్దు దాటబోతున్నప్పుడు కారు ముందుగా ఎంత చెప్తుందో, దాటాక ఎంత మెల్లగా వెనక్కి రానిస్తుందో అది హ్యాండ్లింగ్. హద్దు ఎంత దూరంలో ఉందన్నది పట్టు. రెండూ వేరు. స్టాప్‌వాచ్‌కు రెండోదే బాగా కనపడుతుంది.

మా సీమ తిరునాళ్లలో బండలాగుడు పందేలు చూసినవాళ్లకు ఈ తేడా విడమరచి చెప్పక్కర్లేదు. ఇచ్చిన టైములో బండను ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. బరిలో ఆ చివర నుంచి ఈ చివరకు లాగి మళ్లీ మళ్లాలి. కండ పట్టి ఉన్న జత నేరుగా దూసుకుపోతుంది, కానీ మలుపు దగ్గర ఒక ఎద్దు ముందుకు, ఒకటి పక్కకు పీకి టైము తినేస్తాయి. ఇంకో జత మనిషి నోట్లోంచి మాట రాకముందే మళ్లుతుంది. బహుమతి ఎవరికి వచ్చినా, తోలేవాడికి ఏ జత కావాలో అడగండి.

మళ్లీ కార్ల దగ్గరికి వద్దాం. 911కు ఇంజన్ వెనక ఇరుసుకు కూడా వెనక ఉంటుంది. బరువులో అరవై శాతం దాకా వెనకే. మలుపులోకి దిగేటప్పుడు ముక్కు తేలిక. బ్రేకు పట్టుకుని దాని మీద బరువు వేయకపోతే ముందు చక్రాలు జారి నేరుగా పోతుంది. దీన్నే అండర్‌స్టీర్ అంటారు. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలితే, వెనకున్న బరువంతా ఊగి తోక ముందుకు రావాలని చూస్తుంది, అది ఓవర్‌స్టీర్. దశాబ్దాల కిందటి 911 టర్బోలు ఈ గుణంతోనే చాలామందిని గోడకు కొట్టాయి. ఇప్పటి జీటీ3లో వెడల్పాటి వెనక టైర్లు, వెనక చక్రాలు కూడా కాస్త తిరిగే ఏర్పాటు, కొత్త ముందు సస్పెన్షన్ కలిసి ఆ తిక్కను చాలావరకు అణిచేశాయి. కానీ పూర్తిగా పోలేదు, పోకూడదు కూడా. మలుపు దాటి బయటికి తొక్కినప్పుడు ఆ వెనక బరువే టైర్లను నేలకు తొక్కిపెట్టి కారును విసిరేస్తుంది. 911 తోలడమంటే ఒక పద్ధతి నేర్చుకోవడం. అది నేర్చినవాడికి కారు ప్రతి అడుగునా జవాబిస్తుంది.

మెర్సిడెస్ ఏఎంజీ జీటీ ఆర్ దీనికి ఎదురు బొమ్మ. పొడుగాటి ముక్కు, దాని కింద ముందు ఇరుసుకు వెనగ్గా జరిపి పెట్టిన 585 హార్స్‌పవర్ వీ8 ఇంజన్, గేర్‌బాక్స్ వెనక. డ్రైవరు దాదాపు వెనక చక్రాల మీద కూర్చుంటాడు. ముక్కు ఎక్కడో దూరంగా తిరుగుతుంటుంది, తోక కదలిక మాత్రం నడుముకు వెంటనే తెలుస్తుంది. డ్యాష్‌బోర్డు మధ్యలో పసుపు రంగు నాబ్ ఒకటి ఉంటుంది. చక్రాలు పట్టు తప్పి ఊరికే తిరగకుండా కంప్యూటర్ ఆపే ట్రాక్షన్ కంట్రోల్‌ను దానితో తొమ్మిది మెట్లలో తగ్గిస్తూ పోవచ్చు. నాకు ఈ నాబ్ అంటే ఇష్టం. నీ చేతికి ఇవాళ ఎంత వచ్చో అంతే తీసుకో, రేపు ఇంకో మెట్టు దిగు అంటుంది. కొందరికి ఎలక్ట్రానిక్స్ పేరెత్తితేనే ఎలర్జీ, కంప్యూటర్ తోలితే మన గొప్పేముందని. నేర్చుకునేవాడికి మెట్లు కావాలి కదా.

మెక్‌లారెన్ 720ఎస్‌లో ఇంజన్ మధ్యలో, కార్బన్ ఫైబర్ తొట్టిలో మనిషి. మామూలు కార్లలో ఎడమ కుడి చక్రాలను కలుపుతూ ఉండే యాంటీ రోల్ బార్లు దీనికి లేవు. నాలుగు డంపర్లను (షాక్ అబ్జార్బర్లను) నూనె గొట్టాలతో కలిపి, కారు ఒరగకుండా ఆ ఒత్తిడితోనే ఆపుతారు. దానివల్ల గతుకుల్లో మెత్తగా, మలుపుల్లో గట్టిగా ఉంటుంది. స్టీరింగ్‌లో ఇంకా హైడ్రాలిక్ (నూనె ఒత్తిడి) సాయమే ఉంచుకున్న కొద్ది కంపెనీల్లో ఇదొకటి. ఎలక్ట్రిక్ స్టీరింగ్‌లో వడపోసి పారేసే చిన్న చిన్న కబుర్లు ఇందులో వేళ్లకు అందుతాయి. స్టీరింగ్ ఊగులాట చూసి ఏ చక్రం బ్యాలెన్సింగ్ తప్పిందో చెప్పడం నా వృత్తి. అందుకే ఆ నిర్ణయం విలువ నాకు బాగా అర్థమవుతుంది.

జీటీ-ఆర్ గురించి రెండు ముక్కలు చాలు. పదిహేడు వందల కిలోలు దాటిన బరువును నాలుగు చక్రాల పవర్‌తో, కంప్యూటర్‌తో వంచి తిప్పుతుంది. వేగంలో దాన్ని తక్కువ చేయడానికి లేదు. అది డ్రైవరుతో మాట్లాడేది తక్కువ, పని చేసేది ఎక్కువ.

ఇక అందరూ కళ్లకద్దుకునే 911 జీటీ3 ఆర్ఎస్. 2022లో పూర్తి దూరాన్ని 6 నిమిషాల 49.328 సెకన్లలో తిరిగింది. 525 హార్స్‌పవర్‌తో, అంతకన్నా వందలు ఎక్కువున్న కార్లను వెనక్కి నెట్టింది. దాని రహస్యం గాలి. 285 కిలోమీటర్ల వేగంలో 860 కిలోల బరువు పైనుంచి నొక్కినట్టుంటుంది. 200 వేగంలో 409 కిలోలు. ఇక్కడే లెక్క చూడాలి: గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. వేగం సగమైతే ఒత్తిడి నాలుగో వంతు. అంటే 100 వేగంలో ఆ రెక్క ఇచ్చేది సుమారు వంద కిలోలే, పక్క సీట్లో ఒక లావుపాటి మనిషిని కూర్చోబెట్టినంత. కోయంబత్తూరు కారి ట్రాక్ మొత్తం 2.1 కిలోమీటర్లు. అక్కడి బిగువు మలుపుల్లో ఆ రెక్క చాలాభాగం అలంకారమే. ఢిల్లీ దగ్గరి 5.125 కిలోమీటర్ల బుద్ధ్ సర్క్యూట్‌కు పోతే దానికి పని దొరుకుతుంది. ఒకే కారు హ్యాండ్లింగ్ ట్రాక్‌ను బట్టి ఇంతగా మారితే, ఒకే ట్రాక్ టైముతో ర్యాంకులెట్లా వేస్తారు? ఇంకో చిక్కు: రెక్క మీద ఆధారపడ్డ మలుపులో ఎంత వేగంగా పోతే అంత పట్టు. భయపడి నెమ్మదిస్తే పట్టు కూడా తగ్గుతుంది. ఆ నమ్మకం రేసు డ్రైవరుకు ఉంటుంది. వారాంతంలో వచ్చే సాఫ్ట్‌వేర్ మనిషికి అంత త్వరగా రాదు.

టైరు విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. చక్రం చూసే దిక్కుకూ కారు నిజంగా పోయే దిక్కుకూ మధ్య చిన్న కోణం ఉంటుంది. టైరు పట్టు ఆ కోణంతో పాటు పెరిగి, ఒక శిఖరం చేరి, తర్వాత తగ్గుతుంది. మామూలు రోడ్డు టైరులో ఆ శిఖరం మొండిగా, వెడల్పుగా ఉంటుంది. జారడం మొదలయ్యాక కూడా మెల్లగా, కీచుమని అరుస్తూ జారుతుంది. ట్రాక్ టైరులో శిఖరం ఎత్తు, కానీ సన్నం. దాటితే చప్పున పడిపోతుంది. అంటే టైము తగ్గించే టైరే, ముందు హెచ్చరికను కూడా తగ్గిస్తుంది. చేయి తిరిగినవాడికి ఇది సమస్య కాదు. మిగతావాళ్లకు ఆ ఎత్తులో జారితే సర్దుకునే వ్యవధి ఉండదు, వేగం కూడా ఎక్కువే ఉంటుంది.

టయోటా వాళ్లు 2012లో జీటీ86 తెచ్చినప్పుడు దానికి ప్రియస్ హైబ్రిడ్‌కు వాడే రకం మిషెలిన్ ప్రైమసీ టైర్లు వేశారు. 200 హార్స్‌పవర్ వెనక చక్రాల స్పోర్ట్స్ కారుకు పెట్రోలు పొదుపు చేసే కారు టైర్లు! కొందరు ఎగతాళి చేశారు. కావాలనే చేసిన పని అది. పట్టు హద్దు కిందికి దించితే, అరవై డెబ్బై వేగంలోనే కారు జారడం, సర్దుకోవడం డ్రైవరుకు అనుభవంలోకి వస్తుంది. ఆ కారుకు కప్ 2 వేసి ట్రాక్ తిప్పితే టైము బోలెడు తగ్గుతుంది, కారు స్వభావం పోతుంది. మావాడి పట్టికలో జీటీ86 ఎక్కడో అడుగున ఉంది. హ్యాండ్లింగ్ పట్టిక నేను రాస్తే అది పై వరుసల్లో ఉంటుంది.

దీనికి మావాడి జవాబు కూడా కొట్టిపారేసేది కాదు. "అయితే పట్టు లేని కారే మంచి కారా చిన్నాయనా? వాన రోడ్డు మీద అరిగిన టైర్లతో పోయే ఆటో కూడా బాగానే చెప్తుంది, జారిపోతున్నా అని" అన్నాడు. నవ్వొచ్చింది. వాడి మాటలో పాయింటు ఉంది. పట్టు ఎక్కువుండి, అదే సమయంలో ముందుగా చెప్పే కారు ఉంటే దానికే దండం. కొత్త జీటీ3 ఆ రెండిటికీ బాగా దగ్గరగా వస్తుంది, కాదనను. ఇరవై కిలోమీటర్ల ట్రాక్ మీద ఏడు నిమిషాల్లోపు తిరగాలంటే డ్రైవరుకు కారు మీద నమ్మకం ఉండి తీరాలి, ఆ నమ్మకం హ్యాండ్లింగ్ లేకుండా రాదు. కాబట్టి టైములో హ్యాండ్లింగ్ పాలు బొత్తిగా లేదనను. ఎంత పాలో ఆ నంబరు చూసి విడదీయలేమనే నా గొడవంతా.

విడదీయాలంటే ఎట్లా? రెండు కార్లకూ ఒకే రకం, ఒకే వయసు టైర్లు వేయాలి. వయసు అంటే సైడ్ వాల్ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. ఎండలో పాతబడ్డ రబ్బరు గట్టిపడుతుంది, మా అనంతపురం ఎండలకు ఇంకా తొందరగా. వేడి మీద గాలి ఒకే లెక్కలో ఉంచాలి. తర్వాత అన్నిటికన్నా మంచి రౌండు చూడడం మానేసి, వరసగా తిరిగిన రౌండ్ల మధ్య తేడా ఎంతుందో చూడాలి. ఒక మామూలు డ్రైవరు ఒక కారులో రౌండు రౌండుకూ నాలుగు సెకన్లు అటూ ఇటూ ఊగుతూ, ఇంకో కారులో సెకను తేడాతో తిరుగుతుంటే, రెండోది అతనికి బాగా చెప్తోందని అర్థం. అదే కారును రేసు డ్రైవరుకిచ్చి, ఇద్దరి టైముల మధ్య దూరం చూడాలి. దూరం తక్కువ ఉన్న కారు మనిషికి లొంగే కారు. ఇట్లాంటి పోలిక ఎవరైనా పెడితే ఆ వీడియో మొత్తం కళ్లార్పకుండా చూస్తాను.

బ్రేకుల్ని కూడా కలపాలి, దాన్ని ఎవరూ హ్యాండ్లింగ్ అనరు గానీ. ఒకసారి పక్క సీట్లో తిరుగుతుంటే నాలుగో రౌండులో డ్రైవరు మొహం మారింది. పెడల్ మెత్తగా లోపలికి పోతోంది. మెల్లగా పిట్‌లోకి తెచ్చాం. డిస్కులు బాగున్నాయి, ప్యాడ్లు బాగున్నాయి, బ్రేక్ ఆయిల్ పాతది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చాక దానికి పెట్టిన హద్దు 155 మాత్రమే. మరిగితే లోపల ఆవిరి బుడగలు, బుడగలు నొక్కుకుపోతాయి, బ్రేకు పడదు. గువ్వలచెరువు ఘాటు దిగే లారీలది వేరే రకం బ్రేకు గానీ, వేడి చేసే పని అదే. పెడల్ మీద నమ్మకం పోయాక ఆ రోజు అతను ఏ మలుపులోనూ కారును లోతుగా తీసుకుపోలేదు. అతని టైము చూసి ఆ కారు హ్యాండ్లింగ్ బాగాలేదని ఎవరైనా రాసుకుని ఉంటే, తప్పంతా ఒక డబ్బా ఆయిల్‌ది.

మధ్యలో ఒక మాట: ఆదివారం 44వ నంబరు హైవే మీద 200 కొట్టి, "కారు రోడ్డుకు అతుక్కుపోయింది" అని వీడియో పెట్టే బాబులకు. నేరుగా పోయే వెడల్పాటి రోడ్డు మీద ఏ కారైనా అతుక్కునే ఉంటుంది. అదే రోడ్డుకు అడ్డంగా గొర్రెల మందలు దాటుతాయి, రాంగ్ రూట్లో ట్రాక్టర్లు వస్తాయి. అక్కడ మీరు పరీక్షిస్తున్నది హ్యాండ్లింగ్ కాదు, ఎదుటివాళ్ల ఆయుష్షు. ట్రాక్ డే ఫీజు మీ ఒక్క టైరు ఖరీదుకన్నా తక్కువ ఉంటుంది.

మొన్న మావాడు చివరి అస్త్రం వేశాడు. "సరే, లాటరీ తగిలిందనుకో. నువ్వు ఏది కొంటావ్ చెప్పు" అన్నాడు. జీటీ3 ఆర్ఎస్ అంటానని ఎదురుచూశాడు. సెకండ్ హ్యాండ్‌లో మామూలు కేమన్ అన్నా, గేర్లు చేత్తో మార్చేది. ఇంజన్ మధ్యలో ఉంటుంది, రెక్కలూ గొడవలూ తక్కువ, ముక్కు చెప్పిన చోటికి పోతుంది. దానికి ట్రాక్ టైర్లు వేయను, మంచి రోడ్డు టైర్లే. ముందు చక్రాలకు క్యాంబర్ రెండు డిగ్రీల దాకా లోపలికి వంచుతా, ప్యాడ్లు మారుస్తా, ఆయిల్ ప్రతి ట్రాక్ డే ముందు కొత్తది పోస్తా. లాటరీలో మిగిలిన డబ్బు టైర్లకే పోతుంది, ఇరుంగట్టుకోట్టైలో ముందు ఎడమది తొందరగా అరుగుతుంది కదా. "టైమెంత వస్తుంది మరి?" అన్నాడు. చూసుకోనన్నా. నమ్మలేదు.